డ్రోసిరా ఆకు అరచేయంత ఉండదు

న్యూజిలాండ్ వెళ్లొచ్చానని చెబితే మా కాలనీలో అందరూ మొదట అడిగింది గొర్రెల గురించే. చూశాను, బోలెడన్ని. అవి నన్ను పట్టించుకోలేదు, నేనూ వాటిని పట్టించుకోలేదు. నేను వెళ్లింది ఒక మొక్క కోసం. అరవైకి దగ్గరపడి, పొద్దున లేస్తే మోకాళ్లకు నూనె రాసుకునే మనిషి, ఒక మొక్క కోసం చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కొండల మీది చిత్తడినేలలో రెండు రోజులు తిరిగిందంటే మీరు నవ్వుకోండి. నాకు కోపం రాదు. తలుచుకుంటే నాకే నవ్వాగడం లేదు.

సూర్యాపేట దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు బోటనీ చెప్పి రిటైరయ్యాను. ప్రతి ఏడాదీ పురుగుల్ని తినే మొక్కల పాఠం వచ్చేది. అందులో డ్రోసిరా అంటే నాకు ప్రాణం. బోర్డు మీద మూరెడు పొడుగున బొమ్మ గీసేదాన్ని. ఆకు చుట్టూ ఎర్ర సుద్దముక్కతో వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొసన ఒక జిగురు బొట్టు. చాలా ఏళ్లు ఎవరూ ఏమీ అడగలేదు. ఒక ఏడాది మాత్రం నసీమా అనే అమ్మాయి లేచి నిలబడి, "మేడమ్, మీరు దీన్ని నిజంగ చూసిన్రా?" అంది. చూడలేదు. మన ప్రాంతంలోనూ తడి నేలల్లో ఉంటుందని పుస్తకాల్లో ఉంది, నేను ఏనాడూ వెతకలేదు. అయినా నోరు ఊరుకుంటుందా! "చూశాను. అరచేయంత ఉంటుంది ఒక్కో ఆకు. తూనీగ వాలితే పట్టేసుకుంది, నా కళ్లముందే" అన్నాను. క్లాసంతా నోళ్లు తెరుచుకుని విన్నారు. ఆ రుచి మరిగి తర్వాతి బ్యాచ్‌లన్నిటికీ అదే చెప్పాను. ఒకటి రెండేళ్లు తూనీగ కాస్తా సీతాకోకచిలుక కూడా అయింది.

రిటైరైన ఏడాది డిసెంబర్‌లో ఆక్లండ్ పక్కన హాబ్సన్‌విల్‌లో ఉండే మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. నేను దిగిన నాలుగో రోజు, పాత విద్యార్థుల ద్వారా సంగతి తెలిసి, దేశానికి దక్షిణాన ఉన్న క్రైస్ట్‌చర్చ్ నుంచి నసీమా ఫోన్. అక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తోంది. "మేడమ్, మా దిక్కు కొండల మీద డ్రోసిరా ఉంటదంట. మీరు చూసిందే. మీరొచ్చి నాకూ నా బిడ్డకూ చూపియ్యాలె" అంది. వస్తానని ఫోన్ పెట్టేశాను. నాకు రెండు కావాలి. నేను చచ్చేలోపు ఆ మొక్కను ఒక్కసారి చూడాలి. ఇంతకుముందు చూడలేదన్న సంగతి నసీమాకు తెలియకూడదు.

హాబ్సన్‌విల్

అక్కడ డిసెంబర్ అంటే ఎండాకాలం. చెల్లెలు ఉండే వీధిలో ఇళ్లన్నీ కొత్తవి, ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రెండుసార్లు పక్కింటి గేటు తీశాను. రెండోసారి ఆ ఇంటావిడ నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. జనం నిక్కర్లలో చెమటలు కక్కుతూ తిరుగుతుంటే దుకాణాల అద్దాల మీద మాత్రం తెల్ల దూదితో మంచు కురుస్తూ ఉంటుంది. క్రిస్మస్ తాత ఉన్ని కోటు చూసి నాకు ఉక్కపోసింది.

పాలకు డెయిరీకి వెళ్లమన్నారని గేదెల కోసం చూస్తూ పోతే అది వీధి చివర కిరాణా కొట్టు. గల్లాపెట్టె దగ్గర గుజరాతీ ఆయన. నా చీర చూసి రెండు ఉల్లిగడ్డలు ఊరికే ఇచ్చాడు.

క్రైస్ట్‌చర్చ్

విమానాశ్రయంలో నసీమా నన్ను చూడగానే చేతులు కట్టుకుని నిలబడింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, తొమ్మిదేళ్ల కూతురి తల్లి, ప్రిన్సిపాల్ గది ముందు నిలబడ్డట్టు నిలబడింది. వాళ్లింట్లో ఉన్నంతసేపూ అంతే. నేను వంటగదిలోకి వస్తే లేస్తుంది, నేను కూర్చుంటే కూర్చుంటుంది. రెండుసార్లు కావాలనే లేచి చూశాను, పాపం రెండుసార్లూ లేచింది. కూతురు ఆయెషా అది చూసి సోఫాలో దొర్లి దొర్లి నవ్వింది. ఆ పిల్ల తెలుగు అర్థం చేసుకుంటుంది, ఇంగ్లీషులో బదులిస్తుంది. నన్ను "మేడమ్ ఆంటీ" అని పిలిచింది.

ఆ ఊళ్లో పెద్ద భూకంపం వచ్చి ఐదేళ్లు దాటినా ఊరి మధ్యలో ఇంకా ఖాళీ జాగాలు పళ్లు ఊడిన నోరులా ఉన్నాయి. ఓడల్లో సరుకులు మోసే ఇనుప పెట్టెలకు రంగులేసి వాటిలో దుకాణాలు పెట్టుకున్నారు. ఒక పెట్టెలో కాఫీ తాగాం. నసీమా భర్త ఇమ్రాన్ కట్టుబడి పనుల్లో ఉన్నాడు. ఆ వారం ఒక వంతెన పని మీద ఉండి మాతో రాలేకపోయాడు.

నేను మాంసం తిననని నసీమా బగారా అన్నం, టమాట పప్పు, వంకాయ కూర చేసింది. ఇంత దూరంలో మా జిల్లా బగారా అన్నం తింటుంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి, రెండోసారి పెట్టించుకున్నాను. మూడో ముద్ద నోట్లో ఉండగా ఆయెషా తన బొమ్మల పుస్తకం తెచ్చి చూపించింది. పేజీ నిండా ఒక ఆకు, దాని నడుమ గిలగిలలాడే తూనీగ, పక్కన పెద్ద బొట్టుతో చీర కట్టుకున్న ఆడమనిషి. ఆ మనిషి నేనే. ఆయెషా తన బడిలో అందరి ముందూ నిలబడి ఆ బొమ్మ గురించి మాట్లాడి వచ్చిందట. నాకు మింగుడు పడలేదు.

కొండదారిలో ఒక పై

మర్నాడు పొద్దున ఆర్థర్స్ పాస్ అనే కనుమకు బయల్దేరాం. దారిలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో ఆగాం. అక్కడి సర్కారు మరుగుదొడ్డి గురించి రాయకపోతే నాకు పాపం తగులుతుంది. ఊరూపేరూ లేని దారిలో, ఎవరూ కాపలా లేని చోట, తుడిచిన నేల, కాగితం, సబ్బు, పైసా అడగరు. నేను మూడు ఫోటోలు తీశాను. నసీమా సిగ్గుతో కారు చాటుకు పోయింది.

పక్కనే టిఫిన్ దుకాణం. అక్కడివాళ్లు పై అని తింటారు, మన కర్రీపఫ్‌కు పెద్దన్న. ఒక్కోటి ఆరు డాలర్లు. నేను వేళ్ల మీద రూపాయల్లోకి మార్చబోతే నసీమా నా చెయ్యి పట్టుకుంది. "లెక్కేస్తె ఈ దేశంల ఏం తినలేరు మేడమ్" అంది. తను బయట హలాల్ కాకపోతే ముట్టదు, నేను మాంసమే ముట్టను, ఇద్దరికీ కూరగాయల పై ఒక్కటే దిక్కు. లోపల గుమ్మడికాయ, చీజ్. మొదటి కొరుకుకే నాలుక కాలింది. అయినా ఊదుకుంటూ ఇంకోటి తిన్నాను. దుకాణం ఆవిడ మా ముగ్గురి పేర్లు అడిగి, ఎటు పోతున్నామో అడిగి, కొండ మీద గాలి ఎక్కువ, చెవులు కప్పుకో అని నాకు జాగ్రత్త చెప్పింది.

ఆర్థర్స్ పాస్

ఊరంటే పాతిక ఇళ్లు, ఒక రైలు స్టేషన్, నాలుగు వైపులా మంచు మిగిలిన కొండలు. కారు దిగీ దిగగానే ఒక పచ్చటి చిలక కారు మీదికి దూకింది. మన రామచిలక అనుకునేరు, కోడిపుంజంత ఉంది. కియా అంటారు దాన్ని. కొడవలిలాంటి ముక్కుతో కిటికీ చుట్టూ ఉన్న రబ్బరు పీకడం మొదలుపెట్టింది. నేను సూర్యాపేట నుంచి మోసుకొచ్చిన సకినాల డబ్బా చేతిలో ఉంది. మూత తీసి ఒకటి నోట్లో పెట్టుకోబోతుంటే, ఇంకో చిలక ఎటునుంచి వచ్చిందో వచ్చి సకినం లాక్కుపోయింది. పక్కనే పెద్ద బోర్డు, చిలకలకు తిండి పెట్టకూడదని.

"దొంగది మేడమ్ గది! ఇడువున్రి, డబ్బ మూయున్రి!" అని నసీమా అరిచింది.

అక్కడున్న ఒక తెల్లావిడ నా వైపు గుర్రుగా చూసింది. ఆయెషా ఆమె దగ్గరికి వెళ్లి, మేడమ్ ఆంటీ పెట్టలేదు, అదే దొంగిలించింది అని ఇంగ్లీషులో వాదించి నన్ను గెలిపించింది. ఇంటి పైకప్పు మీద ఆ చిలక సకినాన్ని ఒంటికాలితో పట్టుకుని చుట్టూ తిప్పి తిప్పి తింటుంటే, దేవుడి మీద ఒట్టు, నాకు గర్వంగా అనిపించింది.

చిత్తడినేల

కనుమ పైభాగాన చెట్లు ఆగిపోతాయి. అక్కడినుంచి గడ్డి దుబ్బులు, మోకాలెత్తు పొదలు, నల్లటి నీటి మడుగులు, వాటి చుట్టూ నాచు. నాచంటే మన బావి గట్టు మీది పచ్చదనం కాదు. ఎరుపు, పసుపు, నారింజ, పరుపులు పరిచినట్టు మెత్తగా ఉబ్బి ఉంటుంది. ఒక్క అడుగు పడితే ఆ గుంట పూడడానికి ఏళ్లు పడుతుందట. అందుకే నేలకు జానెడు ఎత్తున చెక్కలు పరిచి బాట వేశారు. దిగకూడదు.

డిసెంబర్ కాబట్టి పూలే పూలు. తెల్లటి డెయిజీలు, ఉల్లి కాడల్లాంటి కాడల మీద పసుపు కంకులు, అరచేయంత ఆకులతో తెల్లగా నవ్వుతున్న ఒక పువ్వు. దాన్ని చూడగానే "రననక్యులస్!" అని గావుకేక పెట్టాను. ముందు నడుస్తున్న జంట ఎవరో పడిపోయారనుకుని వెనక్కి పరుగెత్తుకొచ్చారు. ముప్పై ఒక్క ఏళ్లు పుస్తకంలో పేర్లు వల్లెవేసినదానికి ఆ పేర్లన్నీ ఒక్కసారి ఎదురొచ్చి నమస్కారం పెడుతుంటే ఎలా ఉంటుందో మీకెలా చెప్పను! గాలికి కొంగు జెండాలా ఎగురుతోంది. నేను చెక్కల మీద చిన్నపిల్లలా ఇటూ అటూ గెంతాను. మోకాళ్లు కూడా ఊరుకున్నాయి.

డ్రోసిరా మాత్రం లేదు. ఆయెషా ప్రతి ఆకు దగ్గరా ఆగి, "మేడమ్ ఆంటీ, ఈజ్ దిస్ ద వన్?" అని అడుగుతుంది. నేను కళ్లద్దాలు సర్దుకుని, కాదు తల్లీ, అంటాను. ఆ బాట మీద నాలుగుసార్లు తిరిగాం. ఐదోసారి ఆయెషా ఆ తెల్ల పువ్వు ఆకు దగ్గర ఆగింది. సాసర్ లాంటి ఆకు, నడుమ నీటి బొట్లు మెరుస్తున్నాయి, ఒక బొట్టులో చిన్న పురుగు కూడా పడి ఉంది. "ఇదేనా మేడమ్?" అంది నసీమా, కళ్లు వెలిగిపోతూ. అవునంటే సరిపోతుంది. తల్లీకూతుళ్లు ఫోటో తీసుకుంటారు, ఇంటికి పోతాం, ఎవరికీ ఏమీ తెలియదు. అవును అనడానికి నా నోరు తెరుచుకుంది కూడా.

"కాదమ్మా" అన్నాను. అక్కడితో ఆగొచ్చు కదా! "ఇంకా సీజన్ రాలేదేమో" అని కూడా అన్నాను.

నసీమా మొహం వాడిపోయింది. "డిసెంబర్‌లనే ఉంటదని నెట్‌ల చూసిన మేడమ్. నా బిడ్డకు నా చదువేందో ఎర్కలేదు. నేను దినమంత రక్తం సీసాలు తిప్పుతనని అంటది. నేను చదివినదాంట్ల ఒక్కటన్న దానికి కండ్లార చూపియ్యాలె అనుకున్న" అంది. నాకు తలెత్తి చూడాలనిపించలేదు. వానజల్లు మొదలైతే ఊళ్లోని మోటెల్‌కు వచ్చేశాం. అక్కడ సాండ్‌ఫ్లై అనే నల్ల పురుగులు నా చీలమండల్ని కుట్టి కుట్టి పెట్టాయి. నాకు తగిన శాస్తి అనుకుంటూ గోక్కున్నాను.

బోర్లా పడుకున్న మనిషి

మర్నాడు ఎండ కాసింది. తిరిగి వెళ్లే ముందు ఇంకొక్కసారి చూద్దామని నేనే పట్టుబట్టాను. బాట మలుపు తిరిగేసరికి చెక్కల మీద ఒక ముసలాయన బోర్లా పడి ఉన్నాడు. కదలడు, మెదలడు. నసీమా ఆసుపత్రి మనిషి కదా, ఒక్క ఉరుకున వెళ్లి నాడి చూడబోయింది. ఆయన తల తిప్పకుండానే ఒక వేలు పైకెత్తాడు, చప్పుడు చేయొద్దని.

పేరు కెన్ అట. కొండలకు అవతల గ్రేమౌత్ అనే ఊళ్లో ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. ఏటా ఎండాకాలం ఇక్కడికొచ్చి ఇలా పొట్ట మీద పడుకుంటాడట. ఏం చూస్తున్నారంటే తన ముక్కు కింద చూపించాడు. నాకేమీ కనబడలేదు. ఇంకా కిందికి, అన్నాడు. వంగాను. ఇంకా. చివరికి కొంగు నడుముకు దోపి, నేనూ చెక్కల మీద బోర్లా పడుకున్నాను. ఆయన తన భూతద్దం నా చేతిలో పెట్టాడు.

ఎర్రటి నాచులో ఎర్రటి చుక్క. చొక్కా గుండీ అంత మొక్క. ఆకులు గోరులో సగం. ప్రతి ఆకు చుట్టూ ఎర్రటి వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా జిగురు బొట్టు, ఎండకు రవ్వల్లా తళతళలాడుతున్నాయి. ఒక ఆకు మీద నుసుము లాంటి పురుగు అంటుకుని కాళ్లాడిస్తోంది. నేను ఎన్ని వందలసార్లు గీశానో అదే, గీత కూడా తేడా లేదు. కొలత ఒక్కటే తేడా. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తలెత్తి చూస్తే ఆ పక్కన ఇంకోటి, దాని పక్కన పది, మడుగు చుట్టూ వందలు. నిన్న వాటి పక్కనుంచే ఐదుసార్లు నడిచాను, పళ్లేలంత ఆకుల కోసం వెతుక్కుంటూ.

కెన్ నన్ను చూసి సంబరపడిపోయి, ఇదే మొదటిసారా చూడటం అని అడిగాడు. నేను నోరు విప్పేలోగా నసీమా అందుకుంది. మా మేడమ్ ఇండియాలో ఎప్పుడో చూసింది, అక్కడ ఆకు అరచేయంత ఉంటుంది, తూనీగల్ని పట్టుకుంటుంది అని ఇంగ్లీషులో గడగడా చెప్పింది. ఆ పెద్దాయన లేచి కూర్చున్నాడు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశాడు, పెన్సిల్ నాలుకతో తడి చేసుకున్నాడు. ఏ ఊరు, ఎంత ఎత్తు, ఏ నెల, అని అడుగుతూ రాయడం మొదలుపెట్టాడు. అంత పెద్దది ఉందని తను ఎక్కడా చదవలేదట. వచ్చే ఏడాది ఇండియా వెళ్లి చూస్తానన్నాడు.

పిల్లలకు చెప్పిన మాట గాలిలో పోతుంది అనుకున్నాను ఇన్నాళ్లూ. ఈయన రాసుకుంటున్నాడు. టికెట్ కూడా కొనేట్టున్నాడు.

"రాయకండి" అన్నాను ఇంగ్లీషులో. "అది అబద్ధం. నేను చూడలేదు. ఇవాళే చూశాను." తర్వాత నసీమా వైపు తిరిగి తెలుగులో మొత్తం చెప్పాను. మూరెడు బొమ్మ, క్లాసంతా నోళ్లు తెరవడం, తూనీగ, సీతాకోకచిలుక, నిన్నటి సీజన్ ముక్క, ఏదీ దాచలేదు.

కెన్ నోట్‌బుక్‌లో రాసింది కొట్టేసి, పాపం, మడుగు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"పదిహేడేండ్లు మేడమ్" అంది నసీమా. "మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన ఆడపిల్లను నేనే మొదలు. పుస్తకాల ఉన్నయి నిజంగ చూసినోళ్లు ఒక్కరన్న ఉన్నరా అని అడిగిన. మీరు ఉన్న అన్నరు. అగో, మేడమ్ చూసింది, నేను గూడ చూస్త అని మొండికేసి చదివిన. పరీక్షల గూడ రాసిన, బొమ్మ పక్కన, అరచేయంత అని."

"ఎన్ని మార్కులొచ్చాయమ్మా బోటనీలో?" అని అడిగాను.

"అరవైకి యాభై ఎనిమిది." పెదవి బిగబట్టింది, మాట ఆగలేదు. "ఆ రెండు ఎక్కడ పోయినయో ఇప్పుడు తెల్సింది!"

ఇక నవ్వు. ఇద్దరం చెక్కల మీద కూలబడి, ఊపిరాడకుండా, పక్కటెముకలు పట్టుకుని నవ్వాం. కెన్‌కు ఒక్క ముక్క అర్థం కాకపోయినా మాతోపాటు నవ్వాడు. ఆయెషా అప్పటికే భూతద్దంతో బోర్లా పడుకుని ఉంది. నసీమా కూతురి పక్కన పడుకుని, జిగురు ఏమిటో, నత్రజని ఏమిటో, ఈ నేలలో అది దొరకక మొక్క పురుగుల్ని ఎందుకు తింటుందో చెప్పింది. ఒక్క తప్పు లేదు. నేను వింటూ కూర్చున్నాను. దారిన పోయేవాళ్లు మా కాళ్లు దాటుకుంటూ పోయారు.

లేచేముందు నసీమా ఫోన్ తీసింది. "మన బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌ల అందరికీ చెప్పాలె మేడమ్. మీరే చెప్పున్రి" అంది, టీచర్‌లా. నేను విద్యార్థిలా నిలబడి ఆ చిన్న మొక్కను చూపిస్తూ వీడియోలో చెప్పాను.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సాయంత్రం

కొండల్లో సిగ్నల్ లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ చేరాక వీడియో వెళ్లింది. అక్కడ సాయంత్రం ఐదవుతోంది, మన దగ్గర పొద్దున తొమ్మిదిన్నర. మేం పై తింటుంటే ఫోన్ టింగుటింగుమంటూనే ఉంది. ఒకడు నవ్వే బొమ్మలు పెట్టాడు, ఒకమ్మాయి తనకు ముందే అనుమానమని రాసింది. తర్వాత రమాదేవి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ బ్యాచ్ అమ్మాయే. ఇప్పుడు కోదాడ వైపు ఒక కాలేజీలో బోటనీ చెబుతోంది.

"మేడమ్, నేను పదేండ్ల సంది పిల్లలకు అరచేయంత అనే చెప్తున్న. నేను గూడ కండ్లతోటి చూసిన అనే చెప్తున్న. ఇప్పుడు క్లాసుకే పోతున్న. ఏం జేయాలె?"

నసీమా నా మొహంలోకి చూసింది. "వీడియో కాల్ చెయ్యమను" అన్నాను.

చేసింది. ఫోన్‌లో నలభై మంది పిల్లలు, బెంచీల మీద, తలలు ముందుకు పెట్టి. రమాదేవి పక్కన నిలబడి పైట చెంగు నలుపుకుంటోంది. ముందు నేను నా తప్పు చెప్పాను, ఆ వెంటనే రమాదేవి తనది చెప్పింది. పిల్లలు ముందు గుసగుసలాడారు, తర్వాత చప్పట్లు కొట్టారు, ఎందుకో నాకు తెలియదు. డ్రోసిరా ఎంత ఉందో చొక్కా గుండీ మీద వేలు పెట్టి చూపించాను. ఎరుపు ఎలాంటి ఎరుపో చెప్పాను. అప్పుడు చివరి బెంచీ అమ్మాయి లేచింది.

"మేడమ్, దానికి వాసన ఏమొస్తది? పురుగు వాసనకే వస్తదా?"

సమాధానం నా నోట్లో తయారుగా ఉంది. తేనె వాసన అనొచ్చు. తియ్యగా ఉంటుంది అనొచ్చు.

"తెలియదమ్మా. వాసన చూడలేదు" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక క్లాసు ముందు తెలియదు అనడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి ఇంకా కూర్చోలేదు. నిలబడే ఉంది, నా వైపు చూస్తూ.

ఫోన్ పెట్టేసి ఆకాశం వైపు చూశాను. అక్కడ ఆ నెలలో తొమ్మిదింటి దాకా వెలుతురుంటుంది.

"నసీమా, చిత్తడి దాకా ఎంతసేపు?"

"గంట పైననే మేడమ్."

"వెనక్కి తిప్పు."

నసీమా చేతులు తుడుచుకుని కారెక్కి ఇండికేటర్ వేసింది.